నలభై ఒకటో స్తంభం

చూపు సున్నం అనే పేరు పెట్టింది ప్రయోగశాలలో చదువుకున్నవాళ్ళు కాదు, దాన్ని గోడకు మెత్తిన తాపీ మేస్త్రీలు. కాగితాల మీద దానికి బారెడు పేరు ఒకటి ఉంది గాని, అది ఎవరి నోటా నిలవలేదు. కనిపెట్టిన జ్ఞానప్రసూనకు కూడా మేస్త్రీల పేరే నచ్చింది. ఆ పేరు విని ఆమె తండ్రి బ్రహ్మలింగాచారి నవ్వి, చూపూ సున్నమూ కలిస్తేనే కదా బొమ్మ, మన ఇంట్లో తాతల నాటి నుంచి జరుగుతున్నది అదే కదా అన్నాడు.

ఆషాఢం చివరి వారంలో ఒక ఉదయం, నలభై ఒకటో స్తంభం మీద రంగు సగానికి పడిపోయిందని ప్రయోగశాలలో ప్రసూన బల్ల మీదున్న కంప్యూటర్ తెర చెప్పింది. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. సగమే. ఆ స్తంభం మీద ఉన్నది గట్టాలమ్మ బొమ్మ. వేసింది ఆమె తండ్రి.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ నగరం ఇరవై ఏళ్ళలో నాలుగింతలు పెరిగింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒక్కొక్కటిగా వచ్చి దానిలో కలిసిపోయాయి. ఊరి నడుమ నుంచి పెద్ద ఫ్లైఓవర్ లేచింది. దాని కింద అరవై నాలుగు స్తంభాలు. ఒక్కొక్కటీ నాలుగు నిలువుల ఎత్తు, గది గోడంత వెడల్పు. వాటి మీద ఈ ఊరి గొప్పతనం కనిపించేలా బొమ్మలు వేయించాలని నగర పాలకులు అనుకున్నారు. అనుకోవడమే తడవు, తగువు మొదలైంది. ఒకరు మా నాయకుడి బొమ్మ కావాలన్నారు, ఒకరు మా కులవృత్తి అన్నారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్ళు మా పండగ మాత్రం ఏం పాపం చేసిందన్నారు. వేసిన నాలుగు బొమ్మల మీదా వారం తిరగకుండా ఎవరో సున్నం కొట్టేశారు. ఈ ఊరు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం ఏ అధికారికీ లేకపోయింది.

అప్పుడు ప్రసూన తన సున్నం చూపించింది.

చూపించడం అంటే ఉపన్యాసం చెప్పలేదు. ప్రయోగశాల వరండాలో ఒక పలక నిలబెట్టి, దాని మీద ఒక మందారపువ్వూ, మూలన చిన్న మామిడికాయా వేసింది. వచ్చేపోయేవాళ్ళు పువ్వునే చూశారు. పదకొండో రోజుకు పువ్వు అప్పుడే కోసినంత ఎర్రగా ఉంది, మామిడికాయ ఉన్నచోట తెల్లటి సున్నం మిగిలింది. ఎవరూ చెరపలేదు, అదే పోయింది.

చీకట్లో పిల్లి కళ్ళు మెరుస్తాయి కదా, మనిషి కళ్ళూ అలాగే మెరుస్తాయి, కాకపోతే ఆ మెరుపు మనకు ఆనదు. ఆ సున్నంలో కలిసిన ఇసుక రేణువంత గాజు పూసలకు ఆనుతుంది. ఆ రంగులు రాళ్ళవి కావు, ప్రయోగశాలలో పెంచిన ప్రాణమున్న నాచు. కళ్ళు ఎక్కడ ఆగితే పూసలు అక్కడికి సన్నటి దారాల వెంట నీరు పంపుతాయి, రంగు బతుకుతుంది. ఎవరూ చూడనిచోట దాహంతో ఎండిపోతుంది. బళ్ళ మీద పోయేవాళ్ళ అలవాటు చూపులు లెక్కలోకి రాకుండా, మూడు లెక్కపెట్టేంత సేపు నిలిచిన చూపునే పూసలు తీసుకునేలా ఆమె అమర్చింది. చూసింది ఎవరన్నది మాత్రం గోడకు తెలియకూడదని పట్టుబట్టింది. ధనికుడి కన్నూ, బిచ్చగాడి కన్నూ దానికి ఒకటే.

ప్రత్యేక అధికారి సుదర్శనానికి ప్రాణం లేచి వచ్చింది. జనం చూసేది ఉంటుంది, చూడనిది పోతుంది, ఇంక తగువేముందన్నాడు. ఏడాది తిరిగి దసరా వచ్చేసరికి ఏ స్తంభం మీద రంగు పావు వంతుకు తగ్గుతుందో దాన్ని వేరే బొమ్మకు ఇచ్చేయాలని నియమం రాశారు. ఆ కాగితం మీద రెండో సంతకం ప్రసూనదే. సున్నం కొట్టే చేతులు లేని గోడ ఒకటి చేయాలన్నది ఆమె చిన్నప్పటి కోరిక. తండ్రి నెలల తరబడి వేసిన బొమ్మల మీద ఎన్నికల రాతలు పడుతుంటే చూస్తూ పెరిగిన పిల్ల ఆమె.

నలభై ఒకటో స్తంభం నిలిచినచోట ఒకప్పుడు కాలువగట్టు ఉండేది. గట్టు మీద గట్టాలమ్మ ఉండేది. అమ్మ అంటే మోకాలెత్తు రాయి, దానికి పసుపు, రెండు వెండికళ్ళు. ఫ్లైఓవర్ వచ్చినప్పుడు ఊరివాళ్ళకు పన్నెండు మైళ్ళ అవతల ఇళ్ళు ఇచ్చారు. వాళ్ళు పోతూ పోతూ రాయిని తీసుకుపోయారు. పోలేక ఇక్కడే మిగిలిపోయిన పాతిక గడపలవాళ్ళు వచ్చి, అమ్మ ఉన్నచోట కనీసం బొమ్మయినా ఉండాలని బ్రహ్మలింగాచారిని అడిగారు.

ఆయనకు డెబ్భై రెండేళ్ళు. రథాల మీదా, గుడి గోడల మీదా యాభై ఏళ్ళు బొమ్మలు వేసిన చేతికి రెండేళ్ళుగా వణుకు పట్టుకుంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, కూతురు ఇచ్చిన నాచు రంగులతో నలభై మూడు రోజులు పనిచేశాడు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, చేతిలో వేపమండలు, వెనక కాలువలో గేదెలు. ఇది తన ఆఖరి బొమ్మ అని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలుసు.

కళ్ళు మాత్రం వేయలేదు. అమ్మవారి బొమ్మకు కళ్ళు చివర్న, మంచి రోజు చూసి, దీపం వెలిగించి, ఆ దీపపు మసితో తెరిపించాలి. అది వాళ్ళ ఇంటి ఆచారం. ప్రసూన ఒప్పుకోలేదు. ప్రాణమున్న గోడలో బయటి సరుకు కలపకూడదనీ, మసి ఉన్నంత మేర పూసలు మూసుకుపోతాయనీ చెప్పింది.

"నీ రంగుతో వేస్తే అవి నీ గోడ కళ్ళవుతాయమ్మా. అమ్మ కళ్ళు ఎలా అవుతాయి?" అన్నాడు ఆయన.

రెండు కళ్ళకేగా అని ఆమె ఊరుకుంది. ప్రసూన తల్లి సత్యవేణి ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టింది. ఆయన తుమ్మజిగురుతో నూరి, ఊపిరి బిగబట్టి, రెండే గీతల్లో రెండు కళ్ళూ తెరిచాడు. ఆ కాసేపు చెయ్యి వణకలేదు. తర్వాత అమ్మకు అద్దం చూపించి కొబ్బరికాయ కొట్టాడు.

అది కిందటి దసరా.

ఇప్పుడు రంగు సగమైంది. మిగిలిన స్తంభాల లెక్క చూసింది ప్రసూన. ఇరవై రెండో స్తంభం మీది పులస చేప నిగనిగలాడుతోంది. దాన్ని చూడకుండా పోయేవాడు ఆ ఊళ్ళో పుట్టలేదు. సైకిలు తొక్కే ఆడపిల్ల, కొబ్బరి పడవలు, చివరికి ముప్ఫయ్యో స్తంభం మీద పక్క రాష్ట్రం నుంచి వచ్చిన మిఠాయి అంగళ్ళవాళ్ళు వేయించిన జిలేబీ చుట్టలు కూడా క్షేమంగా ఉన్నాయి. గట్టాలమ్మే ఆరిపోతోంది. అంటే ఈ ఊరికి అమ్మ అక్కరలేదన్నమాట అనుకుంది. అనుకున్నాక ఆ మాట తండ్రికి ఎలా చెప్పాలో తోచలేదు.

చెప్పనవసరం లేకపోయింది. సాయంత్రం నాలుగు వీధుల అవతలి పుట్టింటికి వెళ్ళేసరికి ఆయన కుంచెల పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క కుంచెనూ నూనెలో ముంచి గుడ్డలో చుడుతున్నాడు, మళ్ళీ వాడనివాటిని దాచినట్టు.

సత్యవేణి వంటింట్లోంచి వచ్చి, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా స్తంభం దగ్గరికి పోతున్నాడనీ, నెల నుంచి ఇదే వరస అనీ చెప్పింది. "తనొక్కడూ చూస్తే చాలునా అని అడుగు ఆయన్ని. ఒక్క మనిషి చూపుతో ఊరంత గోడ బతుకుతుందా?"

"నేను వేసిందాన్ని నేనైనా చూడకపోతే ఎలాగే?" అన్నాడు ఆయన.

ప్రసూన ఆయన పక్కన కూర్చుని మిగిలిన కుంచెలు గుడ్డలో చుట్టింది.

మర్నాడు ఉదయం ప్రయోగశాలకు పోకుండా నేరుగా స్తంభం దగ్గరికి వెళ్ళింది. వానాకాలం మొదలైనప్పటి నుంచి ఆమె అటు రాలేదు. తెర మీద అంకెలు కనిపిస్తుంటే రావలసిన పని ఏముందనుకుంది. స్తంభం మొదట్లో నూకరత్నం పూలబుట్ట పెట్టుకుని ఉంది. కదలకుండా మిగిలిన పాతిక గడపల్లో ఆమెది ఒకటి.

"రండి అమ్మాయిగారండి. ఇన్నాళ్ళకా రావడం? అమ్మ వంటికి బాగాలేదని తెలిసొచ్చారా?" అంది చోటు ఇస్తూ.

పైన బొమ్మ వెలిసిన చీరలా ఉంది. గేదెలు పోయాయి. వేపమండలు బూడిదరంగుకు తిరిగాయి. జనం ఆగుతారా అని అడిగింది ప్రసూన.

"ఆగకపోవడమేటండి. నా బుట్ట పదిగంటలకల్లా కాళీ అయిపోద్ది. ఆసుపత్రికెళ్ళేవోళ్ళు, పరీక్షలకెళ్ళే పిల్లలు, లారీలోళ్ళు. ఆ జిలేబీల కొట్టు ఆయన భాష మనకి రాదు గాని, రోజూ ఒక మూర కనకాంబరాలు కొంటాడు."

ప్రసూనకు అర్థం కాలేదు. ఇంతమంది ఆగితే రంగు ఎందుకు పోతుంది? పూసలు పాడయ్యాయేమో అనుకుని సంచిలోంచి పరీక్షించే పరికరం తీసి చూసింది. అన్నీ పనిచేస్తున్నాయి. ఆమె నూకరత్నం పక్కనే మెట్టు మీద కూర్చుంది.

స్కూటరు మీద ఒకాయన వచ్చాడు. వేగం తగ్గించి, ముందుకే చూస్తూ, వేళ్ళు పెదాలకూ గుండెకూ తాకించుకుని పోయాడు. లెక్కలోకి రాదు. ఒక ముసలావిడ వచ్చి, పూలు పెట్టి, చెంపలు వేసుకుని వంగింది. తర్వాత ఇద్దరు కాలేజీ పిల్లలు. తర్వాత జిలేబీ కొట్టు ఆయన. ఒక్కొక్కరూ వస్తున్నారు, ఆగుతున్నారు, చాలాసేపు నిలబడుతున్నారు. పోతున్నారు.

"నాన్నగారూ వస్తారండి. అరగంట నిలబడతారు. పిలిస్తే పలకరు," అంది నూకరత్నం.

ఏం చేయాలో తోచక ప్రసూన లేచి, తానూ చెప్పులు విప్పి స్తంభం ముందు నిలబడింది. అమ్మా, నాన్న బొమ్మ నిలబెట్టు అనుకుంటూ చేతులు జోడించింది.

చుట్టూ చీకటి అయింది. ఆ చీకట్లో ఆమెకు తెలిసింది.

తను కళ్ళు మూసుకుంది.

ఒక్కసారి కళ్ళు తెరిచి పక్కకు చూసింది. ముసలావిడ ఇంకా అక్కడే ఉంది, రెప్పలు గట్టిగా మూసుకుని. పక్కన లారీ డ్రైవరు, అతనివీ మూసే ఉన్నాయి. చేప ముందు ఆగినవాడు కళ్ళు విప్పార్చి చూస్తాడు. అమ్మ ముందు ఆగినవాడు కళ్ళు మూసుకుంటాడు. ఎవరు ఎంత ఎక్కువగా మొక్కితే గోడకు అంత తక్కువగా కనబడ్డారు. ఏడాదిగా ఆమె చేసిన గోడ మొక్కే ప్రతి మనిషినీ లేనివాడిగా రాసుకుంటూ వచ్చింది. తండ్రి నిలబడిన ఆ అరగంటలతో సహా.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దేవుడి ముందు కళ్ళు మూసుకుంటున్న మనిషి ఆమె. నాలుగేళ్ళు ఆ సున్నం మీద పనిచేస్తూ ఒక్కరోజు కూడా ఆ సంగతి తలపుకు రాలేదు.

సుదర్శనానికి చెబితే ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయనా కళ్ళు మూసుకుని మొక్కే మనిషే. అయినా నియమం ఒక్క స్తంభం కోసం మార్చితే అరవై మూడు స్తంభాలవాళ్ళూ లేచి వస్తారన్నాడు. మూసిన రెప్పలను పూసలు పట్టలేవు. పట్టించాలంటే మనిషి నిలబడ్డ తీరూ, ముఖమూ గోడ గుర్తు పెట్టుకోవాలి. ఎవరు ఏ దేవుడికి ఎంతసేపు మొక్కారో రాసుకునే గోడను ఆ ఊళ్ళో నిలబెట్టడానికి ప్రసూనకు మనసొప్పలేదు.

అందుకని ఒక చిన్న బోర్డు రాయించింది. అమ్మవారిని కళ్ళు తెరిచి దర్శించుకోండి, కళ్ళు మూసుకోవద్దు అని. నూకరత్నానికి సంగతి చెప్పి, బోర్డును ఆమె బుట్ట పక్కన నిలబెట్టింది. నూకరత్నం ఆ పనిని నెత్తికెత్తుకుంది. ఎవరి రెప్పలు వాలినా అదిలించింది. పది రోజుల్లో రంగు సగం దాటింది. చీర అంచు ఎర్రబడింది. వేపాకు ఒక్కటి పచ్చబడితే ప్రసూన ఆ సంగతి ఫోన్‌లో తండ్రికి చెప్పింది. ఆయన ఊ అన్నాడు.

పన్నెండో రోజు సాయంత్రం ఆమె పుట్టింటికి వెళ్ళేసరికి ఆ బోర్డు వసారాలో గోడకు ఆనించి ఉంది.

"నేనే తెచ్చేశాను," అన్నాడు బ్రహ్మలింగాచారి.

ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పొద్దున ఎవరో పిల్ల వచ్చిందట, పాతికేళ్ళుంటాయి. చేతికి ఆసుపత్రి పట్టీ. బిడ్డ ఆసుపత్రి లోపల ఉన్నట్టుంది. చేతులు జోడించి కళ్ళు మూసుకోబోతే నూకరత్నం, కళ్ళు తెరు తల్లీ, లేకపోతే అమ్మ పోద్ది అందట. ఆ పిల్ల బెదిరిపోయి కళ్ళు తెరిచింది. అలాగే చూస్తూ నిలబడింది, నీళ్ళు కారుతున్నాయి, పెదాలు కదలడం లేదు. కాసేపు చూసి వెళ్ళిపోయింది.

"ఏం అడగడానికి వచ్చిందో అది అడగలేకుండానే పోయింది ప్రసూనా."

"నాన్నా, బోర్డు లేకపోతే బొమ్మ పోతుంది. దసరాకి రెండు నెలలు కూడా లేదు."

"పోనీ."

"మళ్ళీ నువ్వు వెయ్యలేవు."

ఆయన ఒళ్ళో ఉన్న చేతుల కేసి చూసుకున్నాడు. అవి వాటి మానాన అవి వణుకుతున్నాయి. "వెయ్యలేను," అన్నాడు. "బాధ లేదని నీకు అబద్ధం చెప్పను. కాని మొక్కుకుంటారనే కదా వేశాను. బొమ్మ ఉండడం కోసం వాళ్ళని మొక్కొద్దంటే, ఇంక ఆ స్తంభం మీద చేప ఉంటేనేం, అమ్మ ఉంటేనేం?"

"నా గోడే ఇంత పని చేసింది."

"నీ గోడకి నేర్పింది నువ్వు. నీకు చెప్పనివాణ్ణి నేను. పక్కనే నలభై మూడు రోజులు నిలబడ్డాను, నాకు మాత్రం తోచిందా?" ఆయన లేచాడు. "పోనీ తల్లీ. అన్నం తిని వెళ్ళు."

భాద్రపదం నిండా అమ్మ పోతూనే ఉంది. ప్రసూన ఇప్పుడు తెర చూడడం మానేసి రోజూ అక్కడికే వెళ్ళేది. ముందు చీర పోయింది. తర్వాత చేతులు. నుదుటి బొట్టు మూడు రోజులు పట్టుగా నిలిచి, నాలుగో రోజు తెల్లారేసరికి పోయింది. పగలు ఎంతసేపు చూసినా ఒక్క మనిషి చూపు చాలదని ఆమెకు లెక్క తెలుసు. అయినా కళ్ళార్పకుండా చూసేది. పక్కన తండ్రి కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఆయన్ని ఒక్కసారి కూడా తట్టి లేపలేదు. గోడల మీద ఏం ఉండాలో జనం చూపే తేలుస్తుందని తాను సంతకం పెట్టిన మాట ఆమెకు పదేపదే గుర్తుకొచ్చేది. చూపు తప్పు చెప్పదు, నిజమే. చూపంటే ఏమిటో తనకు పూర్తిగా తెలుసుననుకోవడమే తప్పేమో.

మూలా నక్షత్రం నాటి ఉదయం సుదర్శనం కాగితాలు పట్టుకుని స్తంభాల లెక్కకు బయలుదేరాడు. వెనక సున్నపు బకెట్లతో ఇద్దరు మేస్త్రీలు. పావు వంతుకు తగ్గినవి అయిదు తేలాయి. నలభై ఒకటో దానికి అప్పటికే దరఖాస్తు వచ్చి ఉంది. నగరం పేరు ఆరడుగుల అక్షరాల్లో, మధ్యలో ఎర్రటి గుండె గుర్తు. దాని ముందు నిలబడి అందరూ ఫొటోలు దిగవచ్చు.

స్తంభం దగ్గరికి వచ్చి అందరూ ఆగారు.

రంగు ఒక్క చుక్క లేదు. నాలుగు నిలువుల తెల్లటి సున్నం. ఆ తెలుపు నడుమ, మనిషి తలకు కాస్త పైన, నల్లటి కళ్ళు రెండు. నాచు కాదు కాబట్టి వాటికి దాహం లేదు. ఎవరు చూసినా చూడకపోయినా వాటికి ఒకటే. ఇన్నాళ్ళూ రంగుల్లో కలిసి ఉండడం వల్ల అవి అంత పెద్దవని ఎవరూ గమనించలేదు.

సుదర్శనం, కానివ్వండి అన్నాడు. పెద్ద మేస్త్రీ బకెట్ కింద పెట్టాడు.

"తెరుచుకుని చూస్తున్నాయి కదండీ. కళ్ళల్లో సున్నం ఎలా కొట్టమంటారండి?"

"రంగు ఎంతుంది ప్రసూనగారూ?" అని అడిగాడు సుదర్శనం, దిక్కుతోచక.

"సున్నా అండి."

"మరి ఇవి?"

"ఇవి మసి. లెక్కలోకి రావు."

కాగితంలో ప్రతి స్తంభానికీ ఎదురుగా ఒక గడి ఉంది. ఎవరైనా చూస్తున్నారా అని. ఆయన కలం ఆ గడి మీద పెట్టి, కళ్ళ కేసి చూసి, ఏమీ రాయకుండా తీసేశాడు. నలభై రెండో స్తంభం వైపు నడవబోయి ఆగి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి, ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ తొడుక్కున్నాడు. మేస్త్రీలు ఆయన వెంట పోయారు.

నూకరత్నం గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చింది. తమ చిన్నప్పుడు గట్టు మీద అమ్మకు చీరా లేదు, చేతులూ లేవు, రాయీ కళ్ళేనండి అంది. గిన్నె బ్రహ్మలింగాచారి ముందు పెట్టింది.

ఆయన అరచేయి పసుపులో ముంచి, కళ్ళ కింద గోడకు ఆనించి రాశాడు. ఈసారి మణికట్టు పట్టుకోలేదు. పసుపు రాయడానికి చెయ్యి వణికితే నష్టం లేదు. తను అందినంత మేర రాసి, వెనక్కి తిరిగి, "పైన నువ్వు రాయమ్మా," అన్నాడు.

పసుపు పట్టినచోట పూసలు మళ్ళీ తెరుచుకోవని ఆమె ఒక్కర్తెకే తెలుసు. నాలుగేళ్ళ పని. ప్రసూన పసుపు నిండుగా తీసుకుని, మునివేళ్ళ మీద నిలబడి, రెండు కళ్ళ చుట్టూ ఒక్క పూస కూడా బయట మిగలకుండా మెత్తింది. ప్రయోగశాలలో తెర మీద నలభై ఒకటో గడి ఆరిపోయి ఉంటుంది.

చేతులు కడుక్కోకుండానే తండ్రి పక్కకు వచ్చి నిలబడి, కళ్ళు మూసుకుంది.